ఇంటి వెదర్ స్టేషన్ 48 డిగ్రీలు చూపిస్తోందా? అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ దాటిందంటే నా ఫోన్‌కి వచ్చే ఫొటోల్లో సగం వెదర్ స్టేషన్ డిస్‌ప్లేలే. ఒకరి డాబా మీద 48.3. ఇంకొకరికి చలికాలంలో పక్క కాలనీకంటే నాలుగు డిగ్రీలు తక్కువ. మరొకరికి ఏకంగా మైనస్ 127. అందరి ప్రశ్నా ఒకటే: "సార్, మెషీన్ పాడైందా? నిజంగానే అంత ఉందా?"

పొలాల్లో, స్కూళ్లలో, ఇళ్ల మీద ఈ స్టేషన్లు బిగించి సర్వీసు చేయడం నా పని. చాలాసార్లు సమాధానం ఆ రెండిట్లో ఏదీ కాదు. సెన్సర్ బాగానే ఉంటుంది. కాకపోతే ఏ థర్మామీటర్‌కైనా తెలిసింది తన ఒంటి వేడి ఒక్కటే. ఆ వేడి గాలి నుంచి వచ్చిందో, ఎండ నుంచి వచ్చిందో, వెనక గోడ నుంచి వచ్చిందో దానికి తెలియదు. ఆ సంగతి చూసుకోవాల్సింది మనం.

అపోహ: ఎండలో కొలిస్తేనే అసలు ఉష్ణోగ్రత. నీడలో కొలిచి అధికారులు తగ్గించి చెబుతారు.

వాస్తవం: ఇది నేను అందరికంటే ఎక్కువగా వినే మాట, అందరికంటే గట్టిగా పాతుకుపోయిన మాట కూడా. ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడెక్కించదు. ముందు నేల వేడెక్కుతుంది, దాన్ని తాకి గాలి వేడెక్కుతుంది. అందుకే ఆరుబయట ఒక స్తంభం నీడలో ఉన్న గాలికీ, దాని పక్కనే ఎండలో ఉన్న గాలికీ ఉష్ణోగ్రతలో తేడా దాదాపు ఉండదు. మన ఒంటికి తేడా తెలుస్తుంది, ఎందుకంటే ఎండ మన చర్మం మీద పడుతోంది. థర్మామీటర్‌కి జరిగేదీ అదే.

నమ్మకం కుదరకపోతే రెండు వేర్వేరు కంపెనీల థర్మామీటర్లు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది, ఎండలో పక్కపక్కన పెట్టి చూడండి. నల్లది ఒకటి చెబుతుంది, తెల్లది ఇంకోటి చెబుతుంది. గాలి వీస్తే రెండూ తగ్గుతాయి, ఆగితే మళ్లీ పెరుగుతాయి. రెండిటినీ గాలి ఆడే నీడలోకి మార్చండి, కాసేపటికి దగ్గర దగ్గరగా వచ్చేస్తాయి. "ఎండలో ఉష్ణోగ్రత" అనే అంకె ఆ వస్తువు రంగుని బట్టి, సైజుని బట్టి మారిపోతుంది. అలాంటి అంకెతో ఒక ఊరిని ఇంకో ఊరితో పోల్చలేం.

ఈ తంటా లేకుండా 1860లలో థామస్ స్టీవెన్సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు ఒక తెల్ల చెక్కపెట్టె తయారుచేశాడు. నాలుగు వైపులా రెండు వరసల వాలు పలకలు, లోపలికి గాలి వస్తుంది, ఎండ రాదు. బేగంపేటలో గానీ, గన్నవరంలో గానీ వాతావరణ శాఖ ఆవరణలో మీరు చూసే తెల్లపెట్టె అదే. మన దేశంలో అందులోని థర్మామీటర్లు నేలకి సుమారు నాలుగు అడుగుల ఎత్తులో ఉంటాయి. తలుపు ఉత్తరం వైపు, తెరిచినప్పుడు ఎండ లోపల పడకుండా. ఇక్కడా అదే పద్ధతి, అమెరికాలోనూ అదే పద్ధతి. తగ్గించి చెప్పడానికి కాదు, అందరూ ఒకే షరతుల మీద కొలవడానికి.

అపోహ: సెన్సర్‌కి ఫ్యాన్ పెడితే చల్లబడి తక్కువ చూపిస్తుంది. అది మోసం.

వాస్తవం: పొడిగా ఉన్న వస్తువుని ఫ్యాన్ గాలి ఉష్ణోగ్రతకంటే కిందికి దించలేదు. చెమట ఉంది కాబట్టి మనకి చల్లగా ఉంటుంది, సెన్సర్‌కి చెమట లేదు. ఫ్యాన్ చేసేదల్లా సెన్సర్ ఎండకి అదనంగా ఎక్కించుకున్న వేడిని తీసేసి, దాన్ని గాలికి దగ్గర చేయడమే. డబ్బు పెట్టగలిగితే ఫ్యాన్ ఉన్న షీల్డే (సెన్సర్‌కి ఎండ తగలకుండా చుట్టూ ఉండే తెల్ల తొడుగు) కొనమంటాను. ముఖ్యంగా గాలి ఆడని అపార్ట్‌మెంట్ల మధ్య.

అయితే తడి విషయం వేరు. సెన్సర్ తడిస్తే నిజంగానే తక్కువ చూపిస్తుంది. 38 డిగ్రీల గాలి, 30 శాతం తేమ ఉన్నప్పుడు బాగా తడిసిన సెన్సర్ 24, 25 దాకా దిగగలదు. వేడి నుంచి కాపాడదామని దాని మీద తడి గోనెపట్ట కప్పినవాళ్లున్నారు. దయచేసి వద్దు. వానకి భయపడి మూతపెట్టిన జంక్షన్ బాక్సులో బిగించడమూ వద్దు, మధ్యాహ్నానికి అది పొయ్యి మీద గిన్నె అవుతుంది.

అపోహ: తెల్ల షీల్డ్ ఉంది కదా, ఇక ఎక్కడ బిగించినా ఫర్వాలేదు.

వాస్తవం: డబ్బాతో పాటు వచ్చే ఆ ప్లాస్టిక్ పళ్లేల షీల్డ్ పై నుంచి పడే ఎండని ఆపుతుంది. కింద నుంచి, పక్క నుంచి వచ్చేదాన్ని అంత బాగా ఆపదు. మన ఇళ్లలో ఇబ్బంది అక్కడే. తొంభై శాతం మంది డాబా మీద, పిట్టగోడకి ఆనించి బిగిస్తారు. కింద కాంక్రీటు, వెనక గోడ, పక్కన నల్ల వాటర్ ట్యాంకు, రెండడుగుల దూరంలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్. ఇవన్నీ సెన్సర్‌కి వేడి పంచేవే.

ఈ మధ్య ఇంకో కొత్త సమస్య. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చాక డాబాలకి తెల్ల పెయింట్ వేయించేవాళ్లు పెరిగారు. ఇంటికి అది మంచిదే, కింద గది చల్లబడుతుంది. కానీ ఆ తెల్లదనం ఎండని తిరిగి పైకి కొడుతుంది, షీల్డ్ పళ్లేల కింది వైపు నుంచి వెలుగు లోపలికి దూరుతుంది. పెయింట్ వేశాక మధ్యాహ్నం రీడింగ్ పెరిగిందని ఎవరైనా చెబితే నేను ఆశ్చర్యపోను.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి అంకె చూడకండి, టైము చూడండి. మబ్బులేని వేసవి రోజున గాలి ఉష్ణోగ్రత మామూలుగా మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య గరిష్ఠానికి చేరుతుంది, పన్నెండుకి కాదు. తెల్లారి సూర్యోదయం అటూ ఇటుగా కనిష్ఠం. మీ గ్రాఫ్‌లో ఉదయం ఏడున్నరకి సూదిలా ఒక శిఖరం లేచి ఎనిమిదిన్నరకి దిగిపోతోందంటే, తూర్పు నుంచి వాలుగా వచ్చే ఎండ షీల్డ్ సందుల్లోంచి నేరుగా సెన్సర్ మీద పడుతోందన్నమాట. సాయంత్రం ఐదుకి అయితే పడమటి ఎండ. ప్రతి రోజూ అదే టైముకి వచ్చి, మబ్బు పట్టిన రోజు రాలేదంటే ఇక అనుమానం అక్కర్లేదు. రాత్రి పదకొండు నుంచి కాస్త పెరిగి, తెల్లారేదాకా గీత పళ్లు పళ్లుగా పైకీ కిందికీ ఆడుతుంటే పక్కింటి ఏసీని చూడండి.

షీల్డ్ ఎప్పుడు కడిగారో కూడా గుర్తుచేసుకోండి. దుమ్ము పట్టి పసుపెక్కిన ప్లాస్టిక్ వేడిని పీలుస్తుంది. లోపల సాలెగూడు, కందిరీగల మట్టిగూడు ఉంటే గాలి ఆడదు. నేను విప్పే షీల్డ్‌లలో బల్లి గుడ్లు కూడా దొరుకుతుంటాయి. ఏడాదికి ఒకసారి, ఎండలు ముదరకముందే, మెత్తటి బ్రష్, సబ్బునీళ్లు చాలు. ముందు సెన్సర్ బయటికి తీయడం మర్చిపోకండి.

అపోహ: చలికాలంలో మా స్టేషన్ బేగంపేటకంటే చాలా తక్కువ చూపిస్తోంది, పాడైనట్టే.

వాస్తవం: పాడవ్వాల్సిన పని లేదు. మబ్బూ గాలీ లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, దాన్ని అంటుకున్న గాలి చల్లబడి బరువెక్కి పల్లానికి జారుతుంది. కట్టడాలు కిక్కిరిసిన చోట కాంక్రీటు పగటి వేడిని రాత్రంతా వదులుతూ ఉంటుంది. చెట్లు, ఖాళీ నేల ఉన్న చోట ఆ ఆసరా ఉండదు. హైదరాబాద్‌లో కనిష్ఠం తరచుగా సెంట్రల్ యూనివర్సిటీ వైపు నమోదయ్యేది అందుకే. అదే ఊళ్లో, అదే రాత్రి, నాలుగు డిగ్రీల తేడా మామూలే.

లంబసింగి, చింతపల్లి సంగతి వేరే చెప్పాలి. అక్కడ "జీరో డిగ్రీలు" అని ఏటా ఫొటోలు తిరుగుతాయి, గడ్డి మీద తెల్లటి పొర సాక్ష్యంగా. గడ్డిపోచ చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువగా చల్లబడుతుంది. నాలుగు అడుగుల ఎత్తులో గాలి రెండు మూడు డిగ్రీలున్నప్పుడే గడ్డి సున్నాకి దిగి మంచు గడ్డకట్టగలదు. కాబట్టి ఆ పొర నిజం, దాన్నిబట్టి చెప్పిన గాలి ఉష్ణోగ్రత నిజం కానక్కర్లేదు. కారు డాష్‌బోర్డు ఫొటోని సాక్ష్యంగా పెట్టేవాళ్లకి: ఆ సెన్సర్ ముందు బంపర్ దగ్గర ఉంటుంది, రోడ్డు వేడీ ఇంజన్ వేడీ దానికి తగులుతూనే ఉంటాయి.

అపోహ: అరగంటలో పది డిగ్రీలు పడిపోయిందంటే సెన్సర్ దెబ్బతిన్నట్టే.

వాస్తవం: మే నెలలో ఉరుముల మబ్బు కింద నుంచి దిగిన చల్లగాలి తగిలితే అంత పడటం మనం చూస్తూనే ఉంటాం. వాన మీ వీధిలో పడక్కర్లేదు, ఊరవతల పడినా చాలు. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల సముద్రపు గాలి తిరిగిన నిమిషంలో ఉష్ణోగ్రత దిగి తేమ ఎగబాకుతుంది. ఒకోసారి అర్ధరాత్రి గాలి లేచి, కింద పేరుకున్న చల్లగాలిని పైనున్న వెచ్చటి గాలితో కలిపేస్తే రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది కూడా. ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే అయోమయం. తేమ, గాలి దిశ, పీడనం గీతలు కూడా అదే నిమిషంలో మలుపు తిరిగితే జరిగింది వాతావరణంలోనే.

అపోహ: ప్రభుత్వ స్టేషన్ చెప్పిందంటే తిరుగులేదు.

వాస్తవం: 2024 మే 29న ఢిల్లీ ముంగేశ్‌పూర్‌లోని ఆటోమేటిక్ స్టేషన్ 52.9 డిగ్రీలు చూపించింది. దేశంలో అధికారిక రికార్డు 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదిలో నమోదైన 51.0. అంటే రికార్డు బద్దలైనట్టే, టీవీలన్నీ అదే చెప్పాయి. అదే రోజు ఢిల్లీలోనే ఉన్న సఫ్దర్‌జంగ్ స్టేషన్‌లో 46.8. తరువాత వాతావరణ శాఖ ప్రామాణిక పరికరంతో పోల్చి చూసి, ముంగేశ్‌పూర్ సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేల్చింది.

అంతకంటే పాతది ఇంకోటి. లిబియాలోని అల్ అజీజియాలో 1922లో నమోదైన 58 డిగ్రీలు 90 ఏళ్లపాటు ప్రపంచ రికార్డుగా పుస్తకాల్లో ఉంది. 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని కొట్టేసింది. పరికరం తెలియని పరిశీలకుడు సూచికని తప్పు చివర దగ్గర చదివి ఉంటాడన్నది వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి.

వీటివల్ల అధికారిక లెక్కలు నమ్మొద్దని నేను అనను. అనుమానం వస్తే పోల్చి చూసి తేల్చే పద్ధతి వాళ్లకి ఉంది. మన డాబా మీద ఆ పద్ధతి మనమే పెట్టుకోవాలి.

అపోహ: ఫోన్ యాప్‌లో 44 ఉంది, నా స్టేషన్‌లో 34. స్టేషన్ తప్పు.

వాస్తవం: యాప్ మీ ఇంటి దగ్గర ఏమీ కొలవదు, చాలావరకు కంప్యూటర్ మోడల్ అంచనా చూపిస్తుంది. పైగా మీరు చదివింది "ఫీల్స్ లైక్" అంకె, అంటే వేడికి తేమ కూడా కలిపి ఒంటికి ఎంత అనిపిస్తుందో చెప్పే లెక్క, అయి ఉండొచ్చు. కోస్తాలో 34 డిగ్రీలు, తేమ 65 శాతం ఉంటే ఆ లెక్క ప్రకారం సుమారు 44 వస్తుంది. ఉక్కపోతకి ఆ అంకె పనికొస్తుంది, థర్మామీటర్‌ని సరిచూడటానికి పనికిరాదు.

అపోహ: 38.7 అని పాయింటుతో సహా చూపిస్తోందంటే కచ్చితంగా 38.7 ఉన్నట్టే.

వాస్తవం: డిస్‌ప్లేలో పాయింటు పెట్టడం తేలిక. సొంతంగా స్టేషన్ తయారుచేసుకునే పిల్లలు ఎక్కువగా కొనే చవక డీహెచ్‌టీ11 సెన్సర్‌కి కంపెనీ వాళ్లే రెండు డిగ్రీలు అటూ ఇటూ అని రాసుకున్నారు. డీహెచ్‌టీ22కి అర డిగ్రీ. బీఎంఈ280 అనే ఇంకో సెన్సర్‌ని వైఫై చిప్ పక్కనే అతికిస్తే ఆ బోర్డు వేడే కొలుస్తూ కూర్చుంటుంది.

డీఎస్18బీ20 సెన్సర్ వాడేవాళ్లకి రెండు అంకెలు గుర్తుంటే చాలు. 85 అని వస్తే అది కరెంటు అందగానే సెన్సర్‌లో ఉండే మొదటి విలువ, కొలత పూర్తికాకముందే చదివారన్నమాట. మైనస్ 127 అంటే సెన్సర్ దొరకలేదని ప్రోగ్రామ్ చెప్పడం. వైరు, సోల్డరింగ్, నీళ్లు దిగిన కనెక్టర్ చూడండి.

అపోహ: తేడా ఉంటే సెట్టింగ్స్‌లో ఆఫ్‌సెట్ (ప్రతి రీడింగ్‌కీ కలిపే లేదా తీసేసే అంకె) ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: ఏ తేడా అన్నది ముందు తేలాలి. నీళ్లలో ముంచగల ప్రోబ్ అయితే థర్మాస్ ఫ్లాస్కులో దంచిన ఐసు నిండా వేసి, కొద్దిగా చల్లటి శుభ్రమైన నీళ్లు పోసి, కలిపి, ప్రోబ్ ముంచి పది నిమిషాలు ఆగండి. సున్నా దగ్గర ఎంత తప్పుతోందో తెలుస్తుంది. ముంచకూడని సెన్సర్ అయితే నమ్మదగిన ఇంకో థర్మామీటర్‌ని దాని షీల్డ్ పక్కనే కట్టి, మబ్బుగా ఉండి గాలి వీచే రాత్రి పోల్చండి. అప్పుడు ఎండ ఉండదు, నేల మరీ చల్లబడదు, రెండూ ఒకే గాలిని చూస్తాయి. తేడా పగలూ రాత్రీ, ఎండా మబ్బూ అని లేకుండా ఒకే తీరుగా, అర డిగ్రీయో డిగ్రీయో ఉంటే ఆఫ్‌సెట్ ఇవ్వండి. రాత్రి సరిగ్గా ఉండి మధ్యాహ్నం మాత్రమే నాలుగు డిగ్రీలు ఎక్కువ వస్తోందా, ఆఫ్‌సెట్ ముట్టుకోకండి. మధ్యాహ్నం సరిచేయబోయి రాత్రి లెక్క పాడుచేసుకుంటారు. స్టేషన్‌ని పిట్టగోడ నుంచి విప్పి, వీలైతే పెరట్లో మట్టినేల మీద, గోడలకి దూరంగా ఐదడుగుల పైపుకి బిగించండి. పెరడు లేకపోతే డాబా మధ్యలో, అందినంత ఎత్తు పైపు మీద. ఆ తరువాత వారం గ్రాఫ్ పంపండి, చూద్దాం.