దాగి బతికిన యూదు పిల్లలు: అపోహలు - వాస్తవాలు

నేను డిగ్రీ పిల్లలకు యూరప్ చరిత్ర చెబుతాను. హోలోకాస్ట్ పాఠం, అంటే రెండో ప్రపంచ యుద్ధకాలంలో హిట్లర్ నాజీలు యూదులను సామూహికంగా చంపిన చరిత్ర వచ్చేసరికి, క్లాసులో చాలామందికి కుటుంబంతో పాటు ఒక ఇంట్లో దాక్కున్న యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్ ముందే తెలిసి ఉంటుంది. సీబీఎస్ఈ పదో తరగతి ఇంగ్లీషులో ఆమె డైరీ నుంచి ఒక పాఠం ఉంది కదా. మంచిదే. కాకపోతే నాజీల నుంచి దాక్కోవడం అనగానే అందరికీ ఆ ఒక్క ఇల్లే గుర్తొస్తుంది. నాజీలు, వాళ్ల తోడుదొంగలు చంపిన యూదు పిల్లలు సుమారు 15 లక్షల మంది. దాగి బతికినవాళ్లు అందులో ఏ మూలకు? ఆ కొద్దిమంది గురించి ఏటా నాకు వినిపించే మాటలు ఇవి.

అపోహ: దాక్కోవడమంటే అటకెక్కి కూర్చోవడం.

అలా బతికినవాళ్లూ ఉన్నారు. 1981లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న రోల్డ్ హాఫ్‌మన్ చిన్నప్పుడు ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఉనివ్ అనే ఊళ్లో, ఒక బడి అటక మీద తల్లితో పాటు దాదాపు ఏడాదిన్నర గడిపారు. 1943 జనవరిలో అక్కడికి చేరేటప్పటికి ఆయనకు ఐదేళ్లు. అక్కడ పడి ఉన్న పాత పుస్తకాలతోనే తల్లి చదువు చెప్పింది, భూగోళాన్ని ఆటలా ఆడించింది. ఐదేళ్ల పిల్లాణ్ని పది నిమిషాలు నోరెత్తకుండా కూర్చోబెట్టి చూడండి, ఆ తల్లి పడిన టెన్షన్ తెలుస్తుంది. తండ్రిని నాజీలు అప్పటికే బంధించారు, తర్వాత చంపేశారు.

కానీ ఎంతోమంది పిల్లలు నలుగురి మధ్యే తిరిగారు. కొత్త పేరు, కొత్త ఊరు, కొత్త మతం. కాన్వెంట్లలో, రైతుల ఇళ్లలో, బంధువుల పిల్లలమంటూ బతికారు. క్రైస్తవ ప్రార్థనలు తడబడకుండా అప్పజెప్పాలి. పాత పేరుతో ఎవరైనా పిలిస్తే తల తిప్పకూడదు. పోలండ్‌లో మగపిల్లలకు ఇంకో గండం కూడా ఉండేది. అక్కడ సున్తీ చేయించుకునేది దాదాపు యూదులే, అందుకే అనుమానం వస్తే బట్టలు విప్పించి చూసేవారు. ఆడపిల్లలను దాచడం కొంత తేలికైంది అందుకే. ఫ్రాంక్ కుటుంబంలా అందరూ ఒకేచోట ఉండటం అరుదు. అమ్మ ఒకచోట, చెల్లి ఇంకోచోట, ఎవరెక్కడున్నారో పిల్లలకు తెలియకపోతేనే క్షేమం.

అపోహ: ఒక్కావిడే 2,500 మందిని కాపాడింది.

పోలండ్‌లో యూదు పిల్లలను కాపాడిన ఇరీనా సెండ్లర్ గురించిన ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూపులోనూ వచ్చే ఉంటుంది. ఆవిడ ధైర్యం నిజం, నాజీల రహస్య పోలీసులు గెస్టపో అరెస్టు చేసి హింసించడం నిజం. కానీ ఆ అంకె ఆవిడ ఒక్కరిది కాదు. యూదులకు సాయపడే జెగోటా అనే రహస్య సంస్థలో ఆవిడ పిల్లల విభాగం చూసేవారు. వెనకాల ఎంతోమంది ఆడవాళ్లు, నన్‌లు, ఆశ్రయమిచ్చిన కుటుంబాలు ఉన్నారు.

ఇది ఎప్పుడూ పదిమంది చేతుల పనే. ఆమ్‌స్టర్‌డామ్‌నే తీసుకోండి. నాజీల నిర్బంధ క్యాంపులకు పంపే యూదులను ఒక థియేటర్‌లో ఉంచి, చిన్నపిల్లలను రోడ్డుకు అటువైపున్న శిశుసంరక్షణ కేంద్రంలో పెట్టేవారు. థియేటర్‌లో పనిచేసే వాల్టర్ జూస్కిండ్ రికార్డుల్లోంచి పిల్లల పేర్లు మాయం చేసేవాడు. కేంద్రం నడిపే హెన్రియెట్ పిమెంటెల్ తల్లిదండ్రులతో మాట్లాడి ఒప్పించేది. పక్కనే టీచర్ ట్రైనింగ్ కాలేజీ, దాని ప్రిన్సిపాల్ యోహాన్ వాన్ హుల్స్ట్. పిల్లలను పెరటి కంచె మీదుగా అటు అందించేవారు. ముందు గుమ్మం నుంచి తేవాలంటే ట్రామ్ కోసం కాచుకునేవారు. ట్రామ్ వచ్చి ఆగగానే థియేటర్ కాపలావాళ్లకు ఇవతలి గుమ్మం కనపడదు. ఆ కాస్త సమయంలో పిల్లను చంకన వేసుకుని జారుకునేవారు. ఇలా సుమారు 600 మంది బయటపడ్డారు. పిమెంటెల్‌ను 1943లో ఆష్విట్జ్ క్యాంపులో చంపేశారు. జూస్కిండ్ కూడా యుద్ధం దాటలేదు.

అపోహ: దాచినవాళ్లంతా దేవుళ్లు.

కొందరు డబ్బు తీసుకున్నారు, కొందరు పిల్లలతో వెట్టిచాకిరీ చేయించారు, కొందరు కొట్టారు. కన్నబిడ్డల్లా చూసుకున్నవాళ్లూ ఉన్నారు. పోలండ్‌లో యూదులకు ఆశ్రయమిస్తే మరణశిక్ష. 1944 మార్చిలో మార్కోవా గ్రామంలో ఎనిమిది మంది యూదులను దాచినందుకు ఉల్మా దంపతులను, వాళ్ల పిల్లలనూ కాల్చి చంపారు.

అపోహ: యుద్ధం అయిపోగానే అమ్మానాన్నల దగ్గరికి వెళ్లిపోయారు.

చాలామందికి అమ్మానాన్నలే మిగల్లేదు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఫినలీ అన్నదమ్ముల తల్లిదండ్రులను 1944లో పట్టుకుపోయారు, వాళ్లు తిరిగి రాలేదు. పిల్లలను పెంచిన ఆంత్వనెత్ బ్రున్, మేనత్తలు అడిగినా ఇవ్వలేదు, 1948లో బాప్తిస్మం ఇప్పించింది. కోర్టు అప్పగించమంటే, 1953లో క్రైస్తవ మతాధికారులు కొందరు వాళ్లను దొంగచాటుగా స్పెయిన్ దాటించారు. దేశమంతా గగ్గోలయ్యాక అదే ఏడాది ఇజ్రాయెల్‌లోని మేనత్త దగ్గరికి చేర్చారు. క్లాసులో ఇది చెప్పగానే సగం మంది బ్రున్ పక్షం, సగం మంది మేనత్త పక్షం అవుతారు. నేను మేనత్త పక్షమే. కాపాడినంత మాత్రాన పిల్లలు సొంతమైపోరు.

అపోహ: చిన్నపిల్లలకు ఏం గుర్తుంటుంది?

పెద్దవాళ్లు అప్పట్లో ఇదే అన్నారు. నువ్వు క్యాంపు చూడలేదుగా, అదృష్టవంతుడివి అని నోరు మూయించారు. ఆ పిల్లలు న్యూయార్క్‌లో తొలిసారి ప్రపంచస్థాయిలో కలుసుకున్నది 1991లో. అప్పటికి వాళ్లలో చాలామంది యాభై దాటినవాళ్లు.