దాహం లేని మొక్కకు నీళ్ళు

విజయనగరంలో మా అప్ప ఇంట్లో టీవీ పక్కన ఒక మనీ ప్లాంట్ ఉండేది. ఆకులు పసుపెక్కుతున్నాయని ఆవిడ రోజూ గ్లాసుడు నీళ్ళు పోసేది. ఆమధ్య కుండీ బోర్లించాం. ఎర్రమట్టి గట్టి ముద్దలా ఊడొచ్చింది. అడుగంతా నల్లబడి కుళ్ళిన గుడ్డు వాసన. వేరు పట్టుకుని లాగితే పైతొక్క చేతివేళ్ళకు అంటుకుని జారిపోయింది, లోపల దారంలాంటి పోగు మిగిలింది.

నీళ్ళెక్కువై కుళ్ళిందన్నది నిజమే, కానీ మొదలు మాత్రం వెలుగు దగ్గరుంది. వెలుగు పడితేనే ఆకు మీది సన్నని రంధ్రాలు బాగా తెరుచుకుంటాయి, వాటిలోంచి తేమ బయటకు పోతుంటే కింద వేరు నీళ్ళు లాగుతుంది. చీకటి మూలనున్న మొక్కకు దాహం తక్కువ. పోసిన నీళ్ళు మట్టి సందుల్లోనే నిలిచిపోతాయి. వేరుకూ ఊపిరి కావాలి. గాలితో పోలిస్తే నీటిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడక చచ్చిన వేరు నీళ్ళు పైకి పంపలేదు, ఆకు వాలిపోతుంది. దాహమేసిందనుకుని మనం ఇంకో గ్లాసు పోస్తాం.

"ఇక్కడ కూర్చునే కదా పేపర్ చదువుతున్నాం, వెలుగు లేకపోవడమేమిటి?" అంది అప్ప. మన కన్ను మసక వెలుగుకూ సర్దుకుపోతుంది, అందుకే తేడా తెలియదు. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష లక్స్. గది మూల చాలాసార్లు వంద కూడా దాటదు. మొక్క ఉన్నచోట తల పెట్టి బయటికి చూడండి. ఆకాశం ఎంత కనిపిస్తే వెలుగు అంత. కుండీని రెండడుగులు కిటికీ వైపు జరిపితే చాలు, తేడా మీకే కనిపిస్తుంది.

దక్షిణ కిటికీ మంచిదని చాలాచోట్ల రాస్తారు. అది చలిదేశాల లెక్క. మనం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. మే నడిమి నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, దక్షిణ కిటికీలోంచి ఎండ రాదు. డిసెంబరులో దక్షిణాన 48 డిగ్రీల ఎత్తుకు దిగి, అదే కిటికీలోంచి గదిలోకి వస్తాడు. నా మాట అడిగితే మనకు తూర్పు కిటికీయే మేలు. పొద్దుటి ఎండ ఆకును మాడ్చదు.

ఇక మట్టి. మన ఎర్రమట్టి పొలంలో బాగానే ఉంటుంది, కుండీలో మాత్రం నాలుగు తడుపులకు అణిగిపోతుంది. అడుగున పెంకులు వేస్తే నీరు దిగుతుందనుకుంటాం. దిగదు. సన్నమట్టి తాను పూర్తిగా నానేదాకా కింది పెంకుల్లోకి నీటిని వదలదు, తడి పొర ఇంకాస్త పైకి జరుగుతుందంతే. మట్టినే గుల్లగా చేయాలి. ఎర్రమట్టి ఒక పాలు, ఉద్దానం వైపు దొరికే కొబ్బరి పీచు పొట్టు ఒక పాలు, గరుకైన ఏటి ఇసుక సగం, బాగా మాగిన గత్తం, అంటే పశువుల ఎరువు, సగం. పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు నానబెట్టి కడగాలి. కళింగపట్నం వెళ్ళొస్తూ సముద్రపు ఇసుక మాత్రం తేవద్దు, కారణం అదే. పచ్చి గత్తమూ వద్దు, కుళ్ళేటప్పుడు వేళ్ళకు అందాల్సిన ఆక్సిజన్‌ను అదే తినేస్తుంది.

బాగున్న తీగను కణుపు కింద కోసి ఆ మట్టిలో నాటి, తూర్పు కిటికీ దగ్గర పెట్టాం. ఇప్పుడు అప్ప రోజూ కుండీ ఎత్తి బరువు చూస్తుంది. తేలికైతేనే నీళ్ళు. మొన్నటి ముసురులో తొమ్మిది రోజులు పోయలేదు, పదోరోజుకు కిటికీ వైపు కొత్త ఆకు విచ్చుకుంది.