షుగర్ ఇంజెక్షన్‌తో స్ట్రోక్ పేషెంట్ కోలుకుంటాడా? గొడవ ఎక్కడ మలుపు తిరిగిందంటే

షుగర్ ఉన్నవాళ్లు స్ట్రోక్ నుంచి తేరుకోవడానికి ఎక్కువ టైమ్ పడుతుందని అందరికీ తెలిసిందే, మళ్లీ ఆ పాఠం చెప్పను. ఇప్పుడు రచ్చంతా జీఎల్‌పీ-1 ఇంజెక్షన్ల మీద, అంటే పేగులో ఊరే ఒక హార్మోన్‌లా పనిచేసి షుగర్ దించే మందులు. బరువు తగ్గించే మందుగా పేరొచ్చాక "మెదడుకీ మంచిదట, మరి స్ట్రోక్ పేషెంట్లకి ఎందుకివ్వరు" అని కొందరు, "ముందు మనుషుల్లో తేలనివ్వండి" అని కొందరు.

నన్నడిగితే అసలు కథ 2019 జులైలో ఉంది. అమెరికాలో చేసిన షైన్ ట్రయల్ రిజల్ట్ అప్పుడే వచ్చింది. అంతవరకు లెక్క సింపుల్, స్ట్రోక్ టైమ్‌లో షుగర్ ఎక్కువుంటే మెదడుకి దెబ్బ ఎక్కువ, కాబట్టి దించేస్తే సరి. 1151 మందిలో దాదాపు సగానికి ఇన్సులిన్ డ్రిప్ పెట్టి 80 నుంచి 130 మధ్య పట్టి ఉంచారు, మిగతావాళ్లకి మామూలు ఇన్సులిన్ సూదితో 180 లోపు చూసుకున్నారు, మూడు రోజులు ఇదే పని, మాటిమాటికీ షుగర్ చూడటం డ్రిప్ స్పీడు మార్చడం. తీరా 90 రోజులకి చూస్తే బాగా కోలుకున్నవాళ్లు డ్రిప్ వైపు 20.5 శాతం, మామూలు వైపు 21.6. పైగా డ్రిప్ పెట్టినవాళ్లలో 2.6 శాతం మందికి షుగర్ 40 కిందికి పడిపోయింది, అవతల ఒక్కరికీ పడలేదు.

దాంతో "ఎంత దించాలి" పోయి "ఏ మందు, ఎప్పుడు" అనే ప్రశ్న ముందుకొచ్చింది.

మందు కావాలనేవాళ్లు ఇక్కడే ఎలుకల్ని తెస్తారు. గిలా మాన్‌స్టర్ అని ఒక విషపు బల్లి, దాని నోట్లో దొరికిన ఎక్సెండిన్-4 నుంచే 2005లో మొదటి జీఎల్‌పీ-1 మందు వచ్చింది (బల్లి దగ్గరి నుంచి మెడికల్ షాపు దాకా!). స్వీడన్‌లో కరోలిన్‌స్కా మెడికల్ యూనివర్సిటీ వాళ్లు ఆ ఎక్సెండిన్-4నే షుగర్ ఉన్న ఎలుకలకి, స్ట్రోక్ దెబ్బ తగ్గాక వారాల తరబడి ఇస్తే ముందుకాళ్ల పట్టు మెరుగైంది. కాకపోతే షుగర్ నార్మల్‌కి రావడం వల్లే మేలు జరిగిందని వాళ్ల పేపరే అంటోంది, ఈ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

సెమాగ్లుటైడ్ (ఇదీ జీఎల్‌పీ-1 మందే) మీద 2016 ట్రయల్లో ప్రాణం తీయని స్ట్రోక్‌లు 2.7 నుంచి 1.6 శాతానికి తగ్గాయి, నిజమే. అది స్ట్రోక్ రాకుండా ఆపడం. వచ్చాక చెయ్యి లేవడం వేరే సంగతి.

ఆగండి అనేవాళ్ల దగ్గర ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు కథ ఉంది. 2011లో 118 మంది స్ట్రోక్ పేషెంట్ల మీద చేస్తే కాళ్లూ చేతుల కదలిక బాగా మెరుగైందన్నారు, చాలామంది డాక్టర్లు రాసేశారు కూడా, 2018లో 3127 మంది మీద చూస్తే కోలుకోవడంలో తేడా లేదు, ఎముకలు విరగడం మాత్రం 1.5 శాతం నుంచి 2.9కి పెరిగింది.

ఇప్పుడు జీఎల్‌పీ-1 ఇంజెక్షన్ సంగతి. ఆకలి చంపుతుంది, వాంతులవుతాయి, బరువుతో పాటు కండ కూడా పోతుంది. అవతల మంచం మీదున్న మనిషి ముద్ద మింగలేక ముక్కులో ట్యూబుతో ఉన్నాడు, ఫిజియో రోజూ లేపి నిలబెడుతున్నాడు.