గోలే, కానీ లెక్క ఉన్న గోల

రాజమండ్రి

చి. అనన్యకు, చి. తేజస్‌కు పెదనాన్న ఆశీస్సులు.

సౌండ్‌గార్డెన్ అనే అమెరికా రాక్ బ్యాండ్ పాట ఒకటి పంపిస్తే, సగం కూడా వినకుండా "పెదనాన్నా, ఇదేం గోల!" అని మెసేజ్ పెట్టారు. గోలే, కాదనను. కానీ ఆ గోలలో ఎంత పనితనం ఉందో ఫోన్‌లో చెప్పబోతే మీ నాన్న మధ్యలో దూరి జోకులేస్తాడు. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. మీ అమ్మ మీకు తెలుగు చదవడం నేర్పింది కదా, ఆ కష్టానికి ఇలా పని పెడుతున్నాను అనుకోండి.

ముందు ఒక సంగతి. మీరు రెడ్‌మండ్‌లో ఉంటున్నారు. ఈ బ్యాండ్ మీ లేక్ వాషింగ్టన్‌కి అవతలి ఒడ్డున, సియాటిల్‌లో పుట్టింది. చెరువు ఒడ్డునే, మాగ్నసన్ పార్క్ పక్కన, వాతావరణ పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ ఆవరణ ఒకటుంది. అందులో డగ్లస్ హాలిస్ అనే శిల్పి 1980ల మొదట్లో పన్నెండు స్టీలు స్తంభాలు నిలబెట్టాడు. ఒక్కో స్తంభం పైన ఒక గొట్టం వేలాడుతుంది. గాలి వీస్తే ఆ గొట్టాలు ఊళపెట్టినట్టు మోగుతాయి. ఆ శిల్పం పేరు 'ఎ సౌండ్ గార్డెన్'. బ్యాండ్ వాళ్ళు తమ పేరు అక్కణ్ణుంచే తీసుకున్నారు. అది ప్రభుత్వ స్థలం కాబట్టి లోపలికి వెళ్ళడానికి నిబంధనలు ఉంటాయి. మీ నాన్నని ముందే కనుక్కోమని, గాలి బాగా వీచే రోజు చూసి తీసుకెళ్ళమని అడగండి.

1984లో ముగ్గురితో మొదలైంది ఈ బ్యాండ్. పాడేవాడు క్రిస్ కార్నెల్, గిటార్ కిమ్ థాయిల్, బేస్ గిటార్ హిరో యమమోటో. మొదట్లో డ్రమ్స్ కూడా కార్నెలే వాయించేవాడు. డ్రమ్ములు కొడుతూ పాడటం అంటే సామాన్యం కాదు. 1985లో స్కాట్ సండ్‌క్విస్ట్ అనే అతను డ్రమ్స్ మీదకి వచ్చాక కార్నెల్ ముందుకొచ్చి మైకు పట్టుకున్నాడు. 1986లో సండ్‌క్విస్ట్ చోటుకి మ్యాట్ కామెరాన్ వచ్చాడు. యమమోటో 1989లో మానేసి కెమిస్ట్రీలో పీజీ చేయడానికి వెళ్ళిపోయాడు. ఒక పెద్ద కంపెనీ వీళ్ళ ఆల్బమ్ వేసిన సంవత్సరమే! మీ తాతయ్య ఉంటే ఈ ఒక్క ముక్క విని బ్యాండ్ మొత్తాన్ని మెచ్చుకునేవారు. 1990లో బెన్ షెపర్డ్ బేస్ అందుకున్నాడు. నేను ప్రాణం పెట్టి విన్నది ఈ నలుగురినే: కార్నెల్, థాయిల్, షెపర్డ్, కామెరాన్.

కిమ్ థాయిల్ పేరు విని మీకేమైనా తట్టిందా? అతని తల్లిదండ్రులు కేరళ నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళు. అతను సియాటిల్‌లోనే పుట్టి, షికాగో దగ్గర పార్క్ ఫారెస్ట్‌లో పెరిగి, మళ్ళీ సియాటిల్ వచ్చి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఫిలాసఫీ చదివాడు. మేం కాలేజీలో ఉండగా ఈ సంగతి తెలిసిన రోజు హాస్టల్లో పండగ చేసుకున్నాం. గుబురు గడ్డం, నల్ల జుట్టు, మన వీధిలో కనిపించే ముఖం, చేతిలో గిల్డ్ కంపెనీ గిటార్! రాక్ సంగీతం అంటే తెల్లవాళ్ళదే అనుకునే మాలాంటివాళ్ళకి అదెంత గొప్ప కబురో మీకు చెప్పినా అర్థం కాదు. మీ క్లాసులో సగం మంది ఇండియన్లే కదా. అలాగని కేరళ అనగానే కర్ణాటక సంగీతంతో ముడిపెట్టేయకండి. అతను వింటూ పెరిగింది కిస్, ఎంసీ5, స్టూజెస్ అనే రాక్ బ్యాండ్లు, ఇంకా పంక్.

ఇప్పుడు గోల సంగతికి వస్తాను.

గిటార్ ఆరు తీగల్లో అన్నిటికంటే లావుపాటి తీగని వీళ్ళు మామూలు శ్రుతి కంటే ఒక మెట్టు కిందికి దించుతారు. దీన్ని డ్రాప్ డి అంటారు. అలా దించితే మోత బరువెక్కుతుంది. పైగా కింది మూడు తీగల్నీ ఒక్క వేలితో నొక్కితే చాలు, బరువైన కార్డ్, అంటే కొన్ని స్వరాల కలయిక, పలుకుతుంది. ఈ కిటుకు థాయిల్‌కి మెల్విన్స్ అనే బ్యాండ్‌లోని బజ్ ఆస్బోర్న్ ద్వారా తెలిసిందంటారు. కొన్ని పాటల్లో వీళ్ళు అక్కడితో కూడా ఆగలేదు. 'రస్టీ కేజ్' అనే పాటలో ఆ తీగని ఇంకా కిందికి, అది వదులై వేలాడేంత కిందికి దించేశారు. మీరు విన్న ఆ గుర్రుమనే చప్పుడు అదే.

కానీ బరువు ఎవరైనా పెంచగలరు. యాంప్లిఫయర్ కొనుక్కుంటే చాలు. నేను ఈ బ్యాండ్‌కి దాసోహం అన్నది తాళం దగ్గర. రేడియోలో వచ్చే రాక్ పాటల్లో దాదాపు అన్నీ నాలుగు లెక్కలో నడుస్తాయి. ఒకటి రెండు మూడు నాలుగు, మళ్ళీ ఒకటి. తేజస్, నువ్వు మృదంగం క్లాసుకి వెళ్తున్నావు కాబట్టి నీకు సులువుగా చెప్తాను. 'తకిట తకధిమి' అని మిశ్ర చాపు వేస్తావు చూడు, ఏడు. 'అవుట్‌షైన్డ్' అనే పాట పెట్టుకుని మొదటి నుంచి చేత్తో లెక్కపెట్టు. ఏడు! 'స్పూన్‌మ్యాన్'లో ముఖ్యమైన గిటార్ వరుస కూడా ఏడే, పల్లవి దగ్గర నాలుగులోకి వస్తుంది. 'మై వేవ్' ఐదులో మొదలవుతుంది. 'ఫెల్ ఆన్ బ్లాక్ డేస్' ఆరు. నీ ఏడు విరిగినట్టే వాళ్ళ ఏడు విరగదు, ఒక్కో బ్యాండ్ తన పద్ధతిలో విరుస్తుంది. లెక్క మాత్రం లెక్కే.

ఇందులో తమాషా ఏమిటంటే, చాలామందికి ఆ పాటలు ఏడులో ఉన్నాయని తెలియనే తెలియదు. తల ఊపుతూ పాడేసుకుంటారు. బేసి లెక్కల్లో వాయించే బ్యాండ్లు అంతకు ముందూ ఉన్నాయి. వాటిలో చాలా వాటిని వింటుంటే "చూశారా, మేం ఎంత కష్టమైనది వాయిస్తున్నామో" అని చెవిలో చెప్పినట్టుంటుంది. సౌండ్‌గార్డెన్‌లో ఆ డాబు లేదు. పాట తయారయ్యేదాకా అది ఏ లెక్కలో ఉందో తాము చూసుకునేవాళ్ళమే కాదని థాయిల్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ముందు రాగం వరుస వచ్చేది, తర్వాత ఎవరో లెక్కపెట్టి చూసేవారు. దీనికి సగం పుణ్యం కామెరాన్‌ది అని నా నమ్మకం. డ్రమ్స్ వాయించేవాడు తడబడితే ఏడు కుంటుతుంది. అతని చేతిలో అది నడుస్తుంది.

ఇక గొంతు. కార్నెల్ గొంతు నాలుగు స్థాయిల దాకా పోతుందని అభిమానులు లెక్కలు చెప్తారు. ఆ లెక్కలతో నాకు పనిలేదు. అతను పైకి వెళ్ళినప్పుడు గొంతు సన్నబడదు, అదే చిత్రం. చాలామంది పై స్థాయిలో పలచబడిపోతారు, ఇతను అక్కడ కూడా నిండుగా, కాస్త గరుకుగా ఉంటాడు. చిన్నప్పుడు పొరుగింట్లో దొరికిన బీటిల్స్ రికార్డులు అరగదీసి విన్నాడు. బ్యాండ్ తిండి పెట్టని రోజుల్లో సియాటిల్‌లోని రేస్ బోట్‌హౌస్ అనే చేపల రెస్టారెంట్ వంటింట్లో పనిచేశాడు. ఆ రెస్టారెంట్ ఇప్పటికీ ఉంది, మీ నాన్న ఆఫీసు పార్టీకి వెళ్ళే ఉంటాడు.

అప్పట్లో సియాటిల్ ఇప్పటి సియాటిల్ కాదు. చాలా బ్యాండ్లు కచేరీకి కూడా అంత దూరం వచ్చేవి కావు. ఎవరూ పట్టించుకోకపోవడం వల్లే అక్కడి కుర్రాళ్ళు ఒకరినొకరు వింటూ, ఒకరి బ్యాండ్‌లో ఒకరు వాయిస్తూ తమదైన మోత తయారుచేసుకున్నారు. 1986లో 'డీప్ సిక్స్' అని ఒక రికార్డు వచ్చింది. సౌండ్‌గార్డెన్, మెల్విన్స్, గ్రీన్ రివర్ లాంటి ఆ ప్రాంతపు ఆరు బ్యాండ్ల పాటలు అందులో ఉన్నాయి. ఈ సియాటిల్ మోతనే తర్వాత లోకం గ్రంజ్ అని పిలిచింది, దానికి అది తొలి ఆనవాలు. మరుసటి సంవత్సరం సబ్ పాప్ అనే చిన్న కంపెనీ వీళ్ళ 'స్క్రీమింగ్ లైఫ్' తెచ్చింది. ఆ సబ్ పాప్ నడిపిన ఇద్దరు, బ్రూస్ పావిట్, జొనాథన్ పోనెమన్, చేతులు కలపడానికి కారణం కూడా మన థాయిలే. పావిట్ అతనికి పార్క్ ఫారెస్ట్ నాటి స్నేహితుడు. ఆ కంపెనీయే నిర్వానా మొదటి ఆల్బమ్ కూడా వేసింది. అంటే మీ టీ షర్టుల మీద బొమ్మగా మిగిలిన నిర్వానాకి దారి వేసినవాళ్ళలో మన మలయాళీ అబ్బాయి చెయ్యి కూడా ఉంది. ఆ బొమ్మ వేసుకున్నవాళ్ళలో ఎంతమంది ఆ పాటలు విన్నారో అడగను లెండి.

1991లో 'బ్యాడ్‌మోటర్‌ఫింగర్' వచ్చింది. నిర్వానా 'నెవర్‌మైండ్' వచ్చిన కొద్ది రోజులకే. దాంతో అందరి కళ్ళూ అటు పోయాయి. నా దృష్టిలో గిటార్ పరంగా ఇదే మెరుగైన ఆల్బమ్. ఈ మాట అన్నందుకు హాస్టల్లో ఎన్ని రాత్రులు పోట్లాడుకున్నామో. 'రస్టీ కేజ్' పాటని 1996లో జానీ క్యాష్ అనే పెద్దాయన కంట్రీ అనే అమెరికా పల్లె సంగీతం పద్ధతిలో పాడాడు. రెండూ పక్కపక్కన వినండి. గోలంతా తీసేసినా పాట నిలబడుతుందా లేదా అన్న అనుమానం అక్కడ తీరిపోతుంది.

1994 మార్చిలో 'సూపర్‌అన్‌నోన్' వచ్చింది. విడుదలైన వారమే అమెరికా పట్టికలో మొదటి స్థానం, తర్వాత ఆ ఒక్క దేశంలోనే 50 లక్షల కాపీలు దాటింది. కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో ఒక మ్యూజిక్ చానల్‌లో 'బ్లాక్ హోల్ సన్' వీడియో చూసి భయపడ్డాను. అందులో మనుషుల నవ్వులు సాగి సాగి వికారంగా మారతాయి. తేజస్, నువ్వు వీడియో చూడకు, పాట విను చాలు. ఆ గిటార్ నీళ్ళలోంచి వస్తున్నట్టు ఎందుకు వణుకుతుందంటే, దాన్ని లెస్లీ అనే స్పీకర్‌లోంచి పంపారు. ఆర్గాన్ కోసం తయారైన పెట్టె అది, లోపలి భాగాలు గిరగిరా తిరుగుతుంటాయి. ఆ పాటకీ, 'స్పూన్‌మ్యాన్'కీ గ్రామీలు వచ్చాయి.

'స్పూన్‌మ్యాన్' కథ మీకు నచ్చుతుంది. సియాటిల్ వీధుల్లో ఆర్టిస్ అనే ఆయన చెంచాలు వాయిస్తూ ఉండేవాడు. ఉత్త చెంచాలు! వీళ్ళు ఆయన పేరుతోనే పాట కట్టి, ఆయన్నే స్టూడియోకి పిలిచి అందులో వాయించమన్నారు. అదే పాటలో కామెరాన్ వంటింటి గిన్నెలు కూడా వాయించాడు. పాట మధ్యలో ఆ చెంచాల మోత విడిగా వినిపిస్తుంది, జాగ్రత్తగా వినండి. మీ అమ్మ గరిటెల మీద ప్రయోగాలు చేస్తే మాత్రం నా పేరు చెప్పకండి.

అనన్యా, నువ్వు పెద్దదానివి కాబట్టి ఈ సంగతి దాచను. ఎలాగూ ఫోన్‌లో వెతికితే మొదట కనిపించేది అదే. 2017 మే నెలలో డెట్రాయిట్‌లో కచేరీ ముగిసిన రాత్రి కార్నెల్ తన ప్రాణం తనే తీసుకున్నాడు. అప్పటికి 52 ఏళ్ళు. డిప్రెషన్‌తో, మత్తు అలవాట్లతో అతను చాలా ఏళ్ళు పోరాడాడని తనే చెప్పుకున్నాడు. ఆ కబురు తెలిసిన రోజు ఆఫీసులో పని చేయలేకపోయాను. కొంతమంది అతని పాటల్లో చీకటి మాటలు ఏరి "అప్పుడే చెప్పాడు చూడండి" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. బాధని పాటగా కట్టడం అతని పని, ఆ పనిని ముప్పై ఏళ్ళు శ్రద్ధగా చేశాడు. జబ్బు వేరు, పని వేరు. మీకెప్పుడైనా మనసు అలా బరువెక్కితే అమ్మకో నాన్నకో, లేదంటే అర్ధరాత్రయినా సరే నాకో చెప్పాలి. ఇది మాత్రం సలహా కాదు, ఆర్డర్.

పోయిన స్నేహితుల్ని తలుచుకోవడం కార్నెల్‌కి ముందే తెలుసు. 1990లో అతని రూమ్మేట్, మదర్ లవ్ బోన్ అనే బ్యాండ్ గాయకుడు ఆండ్రూ వుడ్ హెరాయిన్ వల్ల పోయాడు. కార్నెల్ ఆ దుఃఖంలో పాటలు రాసి, వుడ్ బ్యాండ్‌లోవాళ్ళతోనే 'టెంపుల్ ఆఫ్ ద డాగ్' అని ఆల్బమ్ చేశాడు. అందులో 'హంగర్ స్ట్రైక్' పాటలో ఊరికి కొత్తగా వచ్చిన ఎడ్డీ వెడర్ అనే కుర్రాడు గొంతు కలిపాడు. వుడ్ స్నేహితులు, ఆ కుర్రాడు కలిసి కట్టిన బ్యాండ్ పెర్ల్ జామ్. మొదటిసారి వినేవాళ్ళకి నేను ఈ పాటే ఇస్తాను. అమ్మకి కూడా వినిపించండి, గోల అనదు.

మధ్యలో బ్యాండ్ 1997లో విడిపోయింది, 2010లో మళ్ళీ కలిసింది, 2012లో 'కింగ్ యానిమల్' తెచ్చింది. అది బాగానే ఉంటుంది, అంతే. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో వీళ్ళని చేర్చుకున్నారు. కెమిస్ట్రీ చదవడానికి వెళ్ళిన యమమోటో పేరు కూడా ఆ జాబితాలో ఉంది. కార్నెల్ కూతురు టోనీ ఆ వేదిక మీద 'ఫెల్ ఆన్ బ్లాక్ డేస్' పాడింది. ఆ వీడియో ఇద్దరూ చూడొచ్చు.

వినే వరుస చెప్తాను. ముందు 'హంగర్ స్ట్రైక్', తర్వాత 'బ్లాక్ హోల్ సన్', తర్వాత 'ఫెల్ ఆన్ బ్లాక్ డేస్'. అవి అలవాటయ్యాక 'అవుట్‌షైన్డ్', 'స్పూన్‌మ్యాన్'. 'రస్టీ కేజ్' అన్నిటికంటే చివర. హెడ్‌ఫోన్లలో సౌండ్ సగం దాటనివ్వకండి. నా ఎడమ చెవి సంగతి మీకు తెలుసుగా.

తేజస్‌కి ఒక హోమ్‌వర్క్. 'ద డే ఐ ట్రైడ్ టు లివ్' చరణాల్లో ఏడూ నాలుగూ మార్చి మార్చి వస్తాయి. ఎక్కడ ఏడు అయిపోయి నాలుగు మొదలవుతుందో చేత్తో తాళం వేసి పట్టుకో. అనన్య సరిచూడాలి. దొరికాక ఫోన్ చేయండి, నేను వేసిన లెక్కతో పోల్చుకుందాం. మీ నాన్నని అడగొద్దు, వాడికి నాలుగు లెక్కే తప్పుతుంది.

ప్రేమతో,
మీ పెదనాన్న