బాండ్‌కి డైరెక్టరు కావలెను

చిన్నీకి, నానీకి తాతయ్య ఆశీస్సులు.

మీరు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. కొట్లాడుకునేవాళ్లు లేరు కాబట్టి టీవీ చక్కగా వినబడుతోందని మీ అమ్మమ్మ పైకి అంటోంది గానీ, రోజుకి రెండుసార్లు మీ మంచం దులుపుతోంది.

వేసవిలో వరండాలో మీరిద్దరూ పడ్డ గొడవ నాకింకా బుర్రలో తిరుగుతూనే ఉంది. కొత్త జేమ్స్ బాండ్ సినిమాకి డెనీ విల్నెవ్ డైరెక్టరని ఫోన్లో చూసి నానీ ఎగిరి గంతేశాడు. ‘డ్యూన్’ తీసినాయన కదా, ఇంకేం కావాలన్నాడు. ఆయన సినిమాల్లో ఎవరూ నవ్వరు తాతయ్యా, బాండ్ నవ్వకపోతే ఎలా అని చిన్నీ. నన్ను తీర్పు చెప్పమంటే కాఫీ వంకతో లోపలికి జారుకున్నాను. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదది. అందుకే ఈ ఉత్తరం.

ముప్పై ఏళ్లు సినిమా హాల్లో ఆపరేటర్ గదిలో గడిపిన మనిషిని. ప్రేక్షకుడు నచ్చిన సినిమాని రెండుసార్లు చూస్తాడేమో. మేం వారానికి ఇరవై ఎనిమిది ఆటలు చూస్తాం, అదీ అరచేతి వెడల్పు కిటికీలోంచి. మొదటి రెండు రోజులూ కథ చూస్తాం. తరవాత కథ అరిగిపోతుంది. ఎవడు ఎక్కడ కత్తిరించాడు, కెమెరా ఎందుకు అక్కడ ఆగింది, ఇలాంటివే మిగులుతాయి.

‘ద స్పై హూ లవ్డ్ మీ’ మా హాల్‌కి వచ్చిన రోజు చెప్తాను. 1977 నాటి సినిమా, మా ఊరు చేరేసరికి పాతబడింది. మొదట్లోనే బాండ్ మంచుకొండల మీద స్కీలు కట్టుకుని పారిపోతుంటాడు, వెనక తుపాకులు, పాట హోరెత్తిపోతోంది. ఉన్నట్టుండి కొండ అంచు దాటి గాల్లోకి దూకేశాడు. అంతే, మోత మొత్తం ఆగిపోయింది. గుండె గుభేలుమంది నాకు. ఎక్సైటర్ ల్యాంప్ పోయిందనుకున్నాను. మెషీన్‌లో సౌండు చదివే బల్బు అది, అది మాడితే హాలు మూగబోతుంది, కింద కుర్చీలు లేస్తాయి. వంగి చూస్తే ల్యాంప్ చక్కగా వెలుగుతోంది! తలెత్తేసరికి తెర మీద మనిషి ఇంకా పడిపోతూనే ఉన్నాడు. స్కీలు ఊడి పక్కన దొర్లుతున్నాయి. కింద బాల్కనీలోగానీ నేలలోగానీ ఒక్కడూ దగ్గలేదు. అప్పుడు పారాచూట్ విచ్చుకుంది, దాని మీద బ్రిటన్ జెండా, ఆ వెంటనే బాండ్ మ్యూజిక్కు. ఈలలకి నా గది అద్దం అదిరింది.

ఆ సినిమాకి డైరెక్టరుగా తెర మీద పడ్డ పేరు లూయిస్ గిల్బర్ట్. ఆ దూకుడు తీసింది మాత్రం ఆయన కాదు. కెనడాలో బాఫిన్ దీవిలో ఆస్‌గార్డ్ అనే కొండ మీద, గాలి అనుకూలించేదాకా రోజుల తరబడి కాచుకుని, రిక్ సిల్వెస్టర్ అనే సాహసితో దూకించినవాడు రెండో యూనిట్ డైరెక్టర్, అంటే ఇలాంటి సాహసాలు విడిగా తీసే జట్టుకి పెద్ద, జాన్ గ్లెన్. ఆ సినిమాకి ఎడిటరూ ఆయనే. నాలుగేళ్లకి అసలు కుర్చీ ఆయనకే ఇచ్చారు, వరసగా ఐదు సినిమాలు తీశాడు. బాండ్ సినిమాలు అంతకన్నా ఎక్కువ తీసినవాడు ఇప్పటికీ లేడు.

ఇప్పుడు నానీ మాటకి వద్దాం. ప్రపంచంలో గొప్ప డైరెక్టర్ ఎవడో వాడికిచ్చేస్తే పోలేదా అంటావు. సరిగ్గా ఆ రోజుల్లోనే స్టీవెన్ స్పీల్‌బర్గ్ నేను బాండ్ తీస్తానని నిర్మాత ఆల్బర్ట్ బ్రాకలీని అడిగాడురా. ‘జాస్’తో ప్రపంచాన్ని ఊపేసిన మనిషి. వద్దన్నారు. ఆయన పోయి ఇండియానా జోన్స్ తీసుకున్నాడు, తరవాత 1989లో పాత బాండ్ షాన్ కానరీనే తెచ్చి హీరోకి తండ్రి వేషం కట్టించాడు. బ్రాకలీది తప్పు అనే అంటారు అందరూ. నేను సగమే ఒప్పుకుంటాను. స్పీల్‌బర్గ్ తీస్తే అది స్పీల్‌బర్గ్ సినిమా అయ్యేది. ఆ ఇంట్లో పెత్తనం మొదట్నుంచీ నిర్మాతలది.

మన తెనాలి వైపు పద్యనాటకాలు మీరు చూడలేదు. రాయబారం సీన్లో కృష్ణుడి పద్యాలు ముందు వరసలో కూచున్న ముసలాయన దగ్గర్నుంచి బయట బఠానీలమ్మే కుర్రాడి దాకా అందరికీ కంఠతా వచ్చు. కొత్త నటుడు ఒక్క పద్యం ఎగ్గొట్టాడా, చెప్పులు పడతాయి. పోనీ పాతాయన పాడినట్టే పాడాడా, అనుకరణగాడని లేచిపోతారు. బాండ్ డైరెక్టరు బతుకు ఇదే. తుపాకీ గొట్టంలోంచి చూసే బొమ్మ ఉండాలి, పేరు చెప్పుకునే తీరు ఉండాలి, కారు ఉండాలి, అన్నీ ఉండి మళ్లీ కొత్తగా ఉండాలి. కాబట్టి నిర్మాతలు అడగాల్సిన ప్రశ్న ఎవడు గొప్పవాడు అని కాదు. ఈ నాటకానికి ఇవాళ ఏం తక్కువైంది, ఆ తక్కువని పూడ్చే చెయ్యి ఎవరిది అని. 1962 నుంచి 2021 దాకా ఆ బ్రాకలీ ఇంటివాళ్లు తీసినవి 25 సినిమాలు, డైరెక్టర్లు 12 మంది. ఈ ప్రశ్న సరిగ్గా అడిగినప్పుడు బాగుపడ్డారు, అడగనప్పుడు తన్నులు తిన్నారు.

మొదటి సినిమా ‘డాక్టర్ నో’కి కావలసింది మనిషిని తయారుచేసేవాడు. కానరీ ఎడిన్‌బరోలో పేదింటి కుర్రాడు, పాలు పోసి పెరిగినవాడు. కథలో బాండేమో పెద్ద క్లబ్బుల్లో తిరిగే దొర. డైరెక్టర్ టెరెన్స్ యంగ్ కేంబ్రిడ్జిలో చదివాడు, యుద్ధంలో పనిచేశాడు, మంచి బట్ట, మంచి తిండి తెలిసినవాడు. కానరీని తన దర్జీ ఆంథొనీ సింక్లెయిర్ దగ్గరికి తీసుకుపోయి సూట్లు కుట్టించాడు. ఆ సూటుతోనే పడుకోమన్నాడని కూడా చెప్పుకుంటారు, ఒంటికి అలవాటు పడాలని. ఆ సినిమాలో బాండ్ మొదటిసారి కనబడే చోటు ఈసారి చూడండి. పేకాట బల్ల. ముందు వీపు, తరవాత చేతులు, ముక్కలు పంచే వేళ్లు. ఎదురుగా ఉన్నావిడ పేరడిగితేగానీ ముఖం చూపించడు, అదీ నోట్లో సిగరెట్టు వెలిగించుకుంటూ. కానరీ ఎవరో అప్పుడు లోకానికి తెలీదు. తెలీని ముఖం కోసం జనాన్ని అంతసేపు ఆపించాడంటే, ఆ ధైర్యం చూడండి.

మధ్యలో పీటర్ హంట్ అని ఒకాయన. మొదటి సినిమాల ఎడిటర్. మనిషి తలుపు తీయడం, మెట్లు దిగడం, కారెక్కడం, ఇవన్నీ కత్తిరించి పారేసి బాండ్‌కి ఆ వేగం తెచ్చింది ఆయన కత్తెరే. 1969లో ఆయనకి డైరెక్షన్ ఇచ్చారు, హీరో అంతకుముందు సినిమాల్లో నటించని ఆస్ట్రేలియా మోడల్ జార్జ్ లాజెన్‌బీ. పెళ్లయిన రోజే బాండ్ భార్య చచ్చిపోతుంది, అక్కడితో అయిపోతుంది సినిమా. నాకు అన్నిట్లోకీ అదే ఇష్టం, మీ నాన్న ఒప్పుకోడు. హంట్ మళ్లీ బాండ్ తీయలేదు. కానీ ఆయన దగ్గర ఎడిటింగూ, రెండో యూనిట్టూ చూసిన కుర్రాడే ఇందాకటి జాన్ గ్లెన్.

ఆ గ్లెన్‌కి కుర్చీ దొరికిన సందర్భం చిన్నీకి నచ్చుతుంది. 1979లో ‘మూన్‌రేకర్’ అని బాండ్‌ని ఏకంగా అంతరిక్షంలోకి పంపారు, అందరూ ‘స్టార్ వార్స్’ పిచ్చిలో ఉన్న రోజులు. డబ్బు బాగానే రాలింది. అంతరిక్షం తరవాత ఇంకెక్కడికి పోతారు? కిందకి దిగాలి. 1981లో ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ తీస్తూ గ్లెన్ చేసిన పని, బాండ్ గొప్ప లోటస్ కారుని మొదట్లోనే పేల్చేయడం. ఎవడో అద్దం పగలగొడితే అది ధన్మని పోతుంది. ఇక బాండ్ కొండ దారుల్లో తప్పించుకోవాల్సింది ఒక పసుపుపచ్చ బుల్లి సిట్రోయెన్‌లో, అది మన పాత అంబాసిడర్ కన్నా అధ్వాన్నం. హాల్లో నవ్వులే నవ్వులు. ఇదంతా డబ్బు తెచ్చిన సినిమా తరవాత తీసుకున్న నిర్ణయం, అది గుర్తుంచుకో. నష్టమొచ్చినప్పుడు ఎవడైనా దారి మారుస్తాడు.

1989 తరవాత కోర్టు గొడవలతో ఆరేళ్లు బండి ఆగిపోయింది. అప్పుడొచ్చినవాడు మార్టిన్ క్యాంప్‌బెల్. నా దృష్టిలో నిర్మాతల తెలివంతా ఈ ఒక్కడిని పిలవడంలో కనబడుతుంది. న్యూజిలాండ్‌లో పుట్టి బ్రిటన్ టీవీలో పనిచేసినవాడు, సినిమాల్లో అప్పటికి పెద్ద పేరు లేదు. 1995లో పియర్స్ బ్రాస్నన్‌ని బాండ్‌గా నిలబెట్టి వెళ్లిపోయాడు. తరవాత ముగ్గురు డైరెక్టర్లు మారారు, మాయమైపోయే కారు దాకా వెళ్లారు. 2006లో మళ్లీ కొత్త ముఖం, డేనియల్ క్రెయిగ్. మళ్లీ క్యాంప్‌బెల్‌నే వెతుక్కుంటూ పోయారు.

‘కాసినో రాయల్’ మొదట్లో మడగాస్కర్‌లో ఒక పరుగు ఉంటుంది, కడుతున్న బిల్డింగు మీద. ముందు పరిగెత్తేవాడు సెబాస్టియన్ ఫూకాన్, గోడలెక్కి దూకే పార్కూర్ విద్యని పైకి తెచ్చినవాళ్లలో ఒకడు. కోతిలాగా క్రేనెక్కుతాడు. ఒక చోట గోడకి పైన చిన్న సందు. వాడు అందులోంచి పాములా జారిపోతాడు. వెనక క్రెయిగ్ వస్తున్నాడు. నేనైతే వాడూ అలాగే జారతాడనుకున్నాను. జారలేదు, ఆ పల్చటి గోడలోంచి దున్నపోతులా బద్దలుకొట్టుకుని వచ్చాడు, ఒళ్లంతా సున్నం. ఈ బాండ్‌కి సొగసు లేదు, మొండితనం ఉందని ఆ గోడే చెప్పేసింది, నోటిమాట అక్కర్లేకపోయింది. ఇంకో చోట బార్‌లో మార్టినీ గిలక్కొట్టమంటారా, కలపమంటారా అని అడిగితే నాకేం పట్టిందన్నట్టు విసుక్కుంటాడు. నలభై ఏళ్లుగా కంఠతా వచ్చిన పద్యాన్ని కావాలని తిప్పికొట్టడం. చెప్పులు పడలేదు, చప్పట్లు పడ్డాయి.

ఆ ఊపులో వెంటనే పొరబడ్డారు. 2008లో మార్క్ ఫార్‌స్టర్‌ని తెచ్చారు, మనుషుల బాధలు సున్నితంగా తీసే మంచి డైరెక్టరే. అదే సమయానికి హాలీవుడ్ రచయితలు సమ్మెకి దిగారు, స్క్రిప్టు పూర్తికాలేదు. సెట్లో డైరెక్టరూ తనూ కలిసి సీన్లు రాసుకున్నామని క్రెయిగే చెప్పాడు. ఫైట్ల కోసం బోర్న్ అనే ఇంకో గూఢచారి సినిమాలకి చేసిన రెండో యూనిట్ డైరెక్టర్‌ని తెచ్చుకున్నారు. కారు ఛేజులో ఏ కారు ఎవరిదో నాకు మూడోసారి చూస్తేగానీ అర్థం కాలేదు, పీటర్ హంట్ కత్తెర చూసినవాణ్ణి నేను! మొత్తం 106 నిమిషాలు, బాండ్ సినిమాలన్నిట్లోకీ పొట్టిది. తప్పు ఫార్‌స్టర్‌దనను. కాగితం సిద్ధంగా లేనప్పుడు ఇల్లు తెలిసినవాణ్ణి పిలవాలి గానీ కొత్తవాణ్ణి కాదు.

నానీ, ఇక్కడ నీకో మార్కు. 2012లో శామ్ మెండిస్‌కి ఇచ్చారు, ఆస్కార్ ఉన్న పెద్ద పేరు, నాటకాల మనిషి. ‘స్కైఫాల్’ వంద కోట్ల డాలర్లు దాటింది. పెద్ద పేరు ఎందుకు పనికొచ్చిందంటే, ఆయన పదేళ్ల ముందే క్రెయిగ్‌తో పనిచేశాడు, ఆయన్ని అడిగింది కూడా క్రెయిగే. పైగా అప్పటికి బాండ్ ఎవరో జనానికి తెలుసు, వాడి వయసు, వాడి అలసట చూపించే టైమొచ్చింది. మొదటి సినిమాకే మెండిస్‌ని తెచ్చి ఉంటే ఆ గోడ బద్దలయ్యేదా? నాకు నమ్మకం లేదు. 2018లో ఇంకో ఆస్కార్ ఆయన, డానీ బాయిల్, మేలో ఖాయమయ్యాడు, ఆగస్టులో అభిప్రాయాలు కుదర్లేదని వెళ్లిపోయాడు. కొందరికి అద్దె ఇంట్లో ఉండటం కుదరదు.

మన దగ్గర కథ వేరు. 1966లో ‘గూఢచారి 116’ నుంచి కృష్ణగారు ఆంధ్రా జేమ్స్ బాండ్ అయిపోయారు, డైరెక్టర్లు ఎవరైనా జనం ఆయన కోసమే వచ్చేవాళ్లు. మీకు నచ్చిన 2018 ‘గూఢచారి’ సంగతి మాత్రం నాకు ముచ్చటగా ఉంటుంది. దాని ఎడిటర్ గ్యారీ తరవాత ‘స్పై’ అనే సినిమాకి డైరెక్టరయ్యాడు. ‘గూఢచారి’ రెండో భాగం ప్రకటించినప్పుడు డైరెక్షన్ అప్పగించింది మళ్లీ ఒక ఎడిటర్‌కే, ‘మేజర్’కి చేసిన వినయ్ కుమార్‌కి. హంట్, గ్లెన్ గుర్తొచ్చారు.

ఇక విల్నెవ్. ఈసారి పాత ఇల్లే చేతులు మారింది. 2025 ఫిబ్రవరిలో బ్రాకలీ కుటుంబం పెత్తనం అమెజాన్‌కి వదిలేసింది. కొత్త యజమానులు, కొత్త నిర్మాతలు, కొత్త బాండ్, కొత్త డైరెక్టర్, అన్నీ ఒక్కసారే. నిర్మాతల్లో డేవిడ్ హేమన్ ఉన్నందుకు కొంచెం నిబ్బరం. ఎనిమిది హ్యారీ పోటర్ సినిమాలకి నలుగురు డైరెక్టర్లని మార్చి బండి నడిపినాయన, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, చీకటి కావాలి అనుకున్నప్పుడు మూడోదానికి ఆల్ఫాన్సో క్వారోన్‌ని తెచ్చినాయన. విల్నెవ్‌కీ ఇంకొకరింట్లో ఉన్న అనుభవం ఉంది. 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’కి 35 ఏళ్ల తరవాత రెండో భాగం తీశాడు. ఇల్లు చెడగొట్టలేదు, కానీ మెల్లిగా, బరువుగా నడిచింది, డబ్బు రాలేదు. చిన్నప్పుడు నాన్నతో కూచుని బాండ్ సినిమాలు చూశానని ఈమధ్య చెప్పాడు. ఆ మాట నాకు నచ్చింది. అయినా నా ఓటు చిన్నీ వైపే వాలుతోంది. గంభీరమైన బాండ్‌ని క్రెయిగ్ పదిహేనేళ్లు చూపించేశాడు. ఇప్పుడు తక్కువైంది ఆ పసుపుపచ్చ సిట్రోయెన్ అనిపిస్తుంది నాకు. ఆయన దాన్ని నడపగలడా అన్నదే నా అనుమానం.

దసరాకి వచ్చేటప్పుడు మీ నాన్న లాప్‌టాప్ తెండి, ఇక్కడి టీవీకి తగిలించే వైరు నా దగ్గరుంది. ముందు పేకాట బల్ల, తరవాత ఆ దూకుడు, తరవాత గోడ. దూకేటప్పుడు సౌండు ఆగితే ఎవరూ రిమోట్ ముట్టుకోకండి.

మీ తాతయ్య