రంగు గాజుది, గీత కుంచెది: స్టెయిన్డ్ గ్లాస్ కిటికీలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: మెదక్ చర్చి కిటికీల్లో బొమ్మలు పొద్దుగూకగానే మాయమవడం ఒక మహిమ.

1924లో ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్‌లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చూపే మూడు పెద్ద కిటికీలున్నాయి. వాటిని రూపొందించింది లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. గోడమీది బొమ్మ తనపై పడిన వెలుగుతో కనిపిస్తుంది. గాజుబొమ్మకు అది చాలదు, వెలుగు గాజును దాటుకొని రావాలి. బయట చీకటైతే లోపలివాళ్ళకు మిగిలేది నల్లటి పలకలే. అదే సమయంలో లోపల దీపాలు బాగా వెలిగించి బయట నిలబడి చూడండి, బొమ్మ కనిపిస్తుంది.

అపోహ: మామూలు అద్దంమీద రంగులేస్తారు.

బజారులో గ్లాస్ పెయింటింగ్ పేరుతో అమ్మేది అదే. కిటికీ పని వేరు. గాజును కరిగించేటప్పుడే లోహాలు కలుపుతారు: కోబాల్ట్‌తో నీలం, మాంగనీసుతో ఊదా, రాగితోనో ఇనుముతోనో ఆకుపచ్చ. ఎరుపుతోనే పేచీ. రాగినుంచి వచ్చే ఎరుపు ఎంత గాఢమంటే, 3 మి.మీ. పలక మొత్తం దానితోనే చేస్తే దాదాపు నల్లగా కనిపిస్తుంది. అందుకే తెల్లగాజుమీద ఎర్రగాజు పలుచటి పొరగా పట్టిస్తారు. ఆ పొరను అక్కడక్కడా గీకేస్తే ఎర్రటి నేలమీద తెల్లటి నగిషీ వస్తుంది.

కుంచెతో వేసేది ముఖాలు, వేళ్ళు, బట్టల మడతలు. ఇనుప లేదా రాగి ఆక్సైడును మెత్తటి గాజుపొడితో కలిపి, నీళ్ళూ జిగురూ చేర్చి గీసి, బట్టీలో 600 డిగ్రీల సెల్సియస్ దాటించి కాలుస్తారు. వేడి చాలకపోతే ఆ రోజు తేడా తెలియదు. కొన్నేళ్ళ తేమకు కళ్ళూ ముక్కూ చెరిగి ముఖం బోసిపోతుంది. 19వ శతాబ్దిలో ఇంగ్లండు పనివాళ్ళు కొందరు త్వరగా కరగాలని ఈ మిశ్రమంలో బోరాక్స్ వేశారు. ఆ కిటికీల్లో గీతలు పొట్టులా రాలిపోయాయి.

గాజులోకి నిజంగా ఇంకే రంగు పసుపు. 14వ శతాబ్ది మొదట్లో ఐరోపాలో వాడుకలోకొచ్చిన ఈ రంగుకు, మట్టిలో కలిపిన వెండి లవణపు లేపనాన్ని పలక వెనకవైపు పూస్తారు. కాల్చాక మట్టిని తుడిస్తే కింద బంగారు పసుపు మిగులుతుంది.

అపోహ: పాత గాజు మెల్లగా కిందికి జారుతుంది, అందుకే అడుగున మందం.

మామూలు వాతావరణపు వేడిలో గాజు కారదు. ఆ రోజుల్లో గాజును ఊది, తిప్పి, లేదా గొట్టంలా చేసి చీల్చి పలక తీసేవారు. మందం మొదటినుంచీ ఎగుడుదిగుడే. మందపు అంచు పైనున్న పాత పలకలూ దొరుకుతాయి.

అపోహ: షార్ట్ర్ నీలం రహస్యం అంతరించింది.

ఫ్రాన్సులోని షార్ట్ర్ కెథడ్రల్ 12వ శతాబ్దపు నీలానిదీ కోబాల్టే. ఆ నీలపు గాజు సోడాతో చేసింది. చుట్టూ ఉన్న చాలా రంగులు కట్టెబూడిద పొటాష్‌తో చేసినవి. తేమకు పొటాష్ గాజు గుంటలుపడి మసకబారింది, నీలం తట్టుకుంది.

అపోహ: ముక్కలు ఒకదానికొకటి అంటేలా కోయాలి.

కొత్తవాళ్ళ పలక చట్రంలో పట్టకపోవడానికి కారణం ఇదే. ముక్కలను కలిపే సీసపు పట్టీని అడ్డంగా కోసి చూస్తే ఆంగ్ల హెచ్ అక్షరంలా ఉంటుంది. నడుమ గోడ మందం సుమారు 1.5 మి.మీ. అంత సందు ముక్కముక్కకూ వదలాలి. అడ్డంగా పదకొండు ముక్కలుంటే పది గోడలు. వదలకపోతే పలక 15 మి.మీ. పెరుగుతుంది. నడుమ సన్నటి పట్టీని తీసేసే మూడు అలుగుల కత్తెరతో నమూనా కాగితం కోస్తే ఆ సందు తనంతట తనే వస్తుంది.

అపోహ: టంకం వేస్తే వాన లోపలికి రాదు.

టంకం పట్టీల కూడళ్ళ దగ్గరే, రెండువైపులా. 60 పాళ్ళు తగరం, 40 సీసం ఉన్న టంకం 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం 327 దగ్గర. టంకం వేసే సాధనం మరీ కాలితే పట్టీయే కరిగిపోతుంది. వానను ఆపేది సుద్దపొడి, అవిసె నూనె, మసి కలిపిన ముద్ద. దాన్ని బ్రష్‌తో పట్టీ పెదవుల కిందికి రెండువైపులా కూరాలి. పైన పొడిసుద్ద చల్లి రుద్ది, కొన్ని రోజులు చదునుగా పడుకోబెట్టాలి. ఈ ముద్దే పలకకు బిగువు కూడా ఇస్తుంది. దాని బదులు సిలికాన్ కూరితే రేపు పగిలిన ఒక్క ముక్క మార్చాలన్నా పక్కవి విరుగుతాయి.

అపోహ: ఉబ్బిన పలకను అరచేత్తో నొక్కితే సర్దుకుంటుంది.

సర్దుకోదు, గాజు పగులుతుంది. ఎండకు వ్యాకోచించి రాత్రికి ముడుచుకుంటూ దశాబ్దాలకు సీసం అలిసిపోతుంది. లేదా అడ్డకడ్డీకి కట్టిన రాగి తీగలు తెగి ఉంటాయి. తీగలను, కడ్డీలను ముందు చూడండి. ఉబ్బు బాగా ఉంటే పలక దింపి, విప్పి, కొత్త సీసంలో కట్టడమే దారి.

అపోహ: వెనిగరుతో తుడిస్తే మెరుస్తుంది.

ఆమ్లం, అమోనియా ద్రావణం, పీచు ఏవీ వద్దు. శుద్ధజలంలో తడిపి పిండిన దూదితో రంగు వేయని వైపే తుడవాలి. దూదికి గోధుమ రంగు పొడి అంటితే అక్కడే ఆపేయండి. అది మురికి కాకపోవచ్చు, ఎవరిదో కనుబొమ్మ కావచ్చు.