మానని కాలి పుండు గురించి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఇంట్లో పెద్దవారి కాలి మీది పుండు రెండు నెలలైనా మానడం లేదనీ, రోజూ మందు రాస్తున్నా ఎందుకిలా అవుతోందనీ మీరు అడిగారు. వైద్యుడిగా ఎన్నో ఏళ్లు ఇటువంటి పుండ్లకు కట్లు కట్టినవాణ్ణి కనుక కొంచెం వివరంగానే రాస్తాను. మామూలు దెబ్బ రెండు మూడు వారాలలో పక్కు కట్టి మానుముఖం పడుతుంది; అలా పట్టలేదంటే లోపం పుండు మీద రాసే మందులో కంటే ఆ కాలి రక్తప్రసరణలోనో, స్పర్శలోనో ఉందని అనుమానించాలి.

కాలి పుండ్లలో ఎక్కువ భాగం సిరలు, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే నాళాలు, చెడిపోవడం వల్ల వచ్చేవే. మనం నడిచేటప్పుడు పిక్క కండరం సిరలను పిండి రక్తాన్ని పైకి నెడుతుంది, సిరలలోని చిన్న కవాటాలు అది మళ్లీ కిందికి జారకుండా ఆపుతాయి. ఆ కవాటాలు పాడైతే చెడు రక్తం చీలమండ దగ్గర నిలిచి, కాలు వాచి, ఎర్రకణాలలోని ఇనుము చర్మంలోకి ఇంకి, అక్కడ గోధుమరంగు మచ్చ ఏర్పడుతుంది. సాధారణంగా లోపలి వైపు చీలమండకు కాస్త పైన, అంచులు వంకరటింకరగా, లోతు తక్కువగా, రసి ఎక్కువగా ఉండే పుండు కనిపిస్తే ఇదే అనుకోవచ్చు. కాలు ఎత్తి పెట్టుకుంటే ఈ నొప్పి తగ్గుతుంది. దీనికి అసలు మందు బిగువైన కట్టు: చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడితో మొదలై మోకాలి వైపు పోయేకొద్దీ తగ్గుతూ ఉండాలి. చెడిన సిరను ఆలస్యం చేయకుండా మూసివేస్తే పుండు ఇంకా త్వరగా మానుతుందని 2018లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధన తేల్చింది. ముందుగా మూసినవారిలో మానడానికి పట్టిన మధ్యస్థ కాలం 56 రోజులు, తరువాత మూసినవారిలో 82 రోజులు.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. పుండు ధమని, అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే నాళం, మూసుకుపోవడం వల్ల వచ్చిందైతే అదే బిగువు కట్టు ఉన్న కాస్త రక్తాన్నీ ఆపి కాలికే ముప్పు తెస్తుంది. ధమని పుండు తరచుగా కాలి వేళ్ల కొసల మీదా, మడమ మీదా, గుండ్రంగా, తొలిచినట్టు లోతుగా, పాలిపోయిన అడుగుతో ఉంటుంది. పాదం చల్లగా, చర్మం నున్నగా, వెంట్రుకలు రాలిపోయి కనిపిస్తుంది. రాత్రిపూట సలిపే ఆ నొప్పి కాలు మంచం కిందికి వేలాడదీస్తే తగ్గుతుంది. ఒక జబ్బులో కాలు ఎత్తితే హాయి, మరో జబ్బులో దించితే హాయి: ఈ ఒక్క ప్రశ్న అడిగి సగం దారి తెలుసుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. అయినా నమ్మదగినది కొలతే. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే 0.9 లేదా అంతకంటే తక్కువ వస్తే ధమని జబ్బు ఉన్నట్టు, 0.5 కంటే తక్కువైతే రక్తనాళాల నిపుణుడి దగ్గరకు వెంటనే వెళ్లాలి. ధమనిని తెరిచి రక్తం అందించకుండా ఏ కట్టూ ఆ పుండును మాన్పలేదు. పొగతాగడం మానడం కూడా ఇందులో చికిత్సే.

మధుమేహం ఉన్నవారి అరికాలి పుండు ఈ రెంటికీ వేరు. నరాలు మొద్దుబారి, నొప్పి తెలియక, బొటనవేలి మూలం కింద గట్టిపడిన చర్మం మధ్యలో అది పుడుతుంది. నొప్పి లేదు కదా అని నడుస్తూనే ఉంటారు. చుట్టూ ఉన్న గట్టి చర్మాన్ని వైద్యుడు తొలగించాలి, పాదం మీద బరువు పడకుండా ప్రత్యేకమైన బూటు గానీ పాదానికి అచ్చులా గట్టిపడే పిండికట్టు గానీ వేయాలి, చక్కెర అదుపులో ఉండాలి. వీరిలో ధమనులు గట్టిపడి ఇందాక చెప్పిన కొలత 1.3 కంటే ఎక్కువగా చూపి మోసగించవచ్చు కనుక కాలి వేలి దగ్గర కూడా రక్తపోటు కొలుస్తారు.

చీము, జ్వరం, చుట్టూ పాకే ఎరుపు లేనప్పుడు యాంటీబయాటిక్ మాత్రలు అనవసరం. ఏళ్ల తరబడి మానక అంచులు దళసరిగా ఉబ్బిన పుండు నుంచి చిన్న ముక్క తీసి క్యాన్సర్ పరీక్షకు పంపాలి.

రేపు కట్టు మార్చేటప్పుడు పుండు ఎక్కడుందో, అంచులెలా ఉన్నాయో, పాదం వెచ్చగా ఉందో చల్లగా ఉందో చూసి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని వారితో పాటు వైద్యుడి దగ్గరకు వెళ్లి, బిగువు కట్టు వేసే ముందు చీలమండ రక్తపోటు కొలవమని అడగండి.

ఇట్లు
మీ తాతయ్య